రోబో బృందమునకు ఎట్టి చోటు కావలెను?

పనిశాలలను విస్తీర్ణముతో కొలుచుట మనకు అలవాటైనది. 2016లో ఆరంభమైన అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పథకము పాఠశాలలను సామాన్యముగా 1,500 చదరపు అడుగుల చోటు చూపుమని కోరినది. 2023 మార్చిలో రాయదుర్గమున తెరచిన టీ-వర్క్స్ విస్తీర్ణము సుమారు 78,000 చదరపు అడుగులు. రెండును మెచ్చదగినవే. కాని విద్యార్థులకు పనికివచ్చు చోటును ఈ కొలత ఒక్కటే తేల్చగలదా?

ఉస్మానియా ఆవరణములో రోబోను నిర్మించు ఒక బృందమును ఊహింతము. తార్నాక నుండి రాయదుర్గమునకు ఒకే మెట్రో మార్గము గలదు. అచ్చట భాగములను కోయించుకొని రావచ్చును. అయితే సగము విప్పిన రోబోను దినదినము మోసికొని పోవుట సాధ్యమా?

రోబోను నడిపి, తప్పు కనిపెట్టి, విప్పి, సరిచేసి, మరల నడుపవలెను. ఫస్ట్ టెక్ చాలెంజ్ అను అంతర్జాతీయ విద్యార్థి పోటీకి బరి 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు మాత్రమే. కాని దానిని ప్రతి సాయంకాలము చుట్టిపెట్టవలసివచ్చినచో అభ్యాసము సాగదు.

బ్యాటరీల సంగతి మరింత ముఖ్యము. సాధారణ లిథియం-అయాన్ ఘటమును 4.2 వోల్టులకు మించి చార్జి చేసినచో వేడెక్కి అంటుకొనవచ్చును. తగిన గది లేనిచో ఆ చార్జింగు అద్దెగదిలో, మంచము ప్రక్కనే జరుగును.

ఉస్మానియాలో ఇంజనీరింగు కళాశాల 1929లోనే ఏర్పడినది. అచ్చట పనిముట్లు కొత్త కావు. గాలి వచ్చు గది, చదునైన నేల, తాళమున్న బీరువా ఉన్న చాలును. ఇక గది ఎంత పెద్దదని అడుగు ఉపాధ్యాయులు, అది ఎన్ని గంటలు తెరచియుండును, తాళపుచెవి ఎవరి చేతిలో ఉన్నదని కూడ అడుగవలెను.