'ఉగెత్సు' చిత్రమున భయహేతువు

భయార్థక ధాతువుల యోగమున భయహేతువునకుఁ బాణిని అపాదానసంజ్ఞ విధించెను. 'దొంగవలన భయపడుచున్నాఁడు' అన్నచో దొంగ అపాదానము. యుద్ధకాలమున దయ్యముల కథ నడపు చలనచిత్రములను బరీక్షించువారు మొదట నడుగవలసిన ప్రశ్న యిదియే: ఇందుఁ బంచమి దేనికిఁ జెల్లును? దయ్యమునకా, యుద్ధమునకా?

జపాను దర్శకుఁడు మిజోగుచి కెంజి 1953లో వెలువరించిన 'ఉగెత్సు' దీనికి మేలైన లక్ష్యము. 16వ శతాబ్దినాఁటి అంతర్యుద్ధములో, బివా సరస్సు ప్రాంతమున, గెంజూరో యను కుమ్మరి కుండలమ్మి ధనము గూర్పఁబోయి వకాసా యను సుందరి మోహమునఁ జిక్కును. ఆమె ప్రేతము. ఇచట నతని భార్య మియాగి బిడ్డతో ఇల్లు చేరఁబోవుచుండఁగా, ఆఁకలిగొన్న సైనికులు పిడికెడు తిండికై యామెను బల్లెముతోఁ బొడుతురు.

ఉయెదా అకినారి 1776లోఁ బ్రకటించిన కథలలో రెండు దీనికిఁ బ్రధానమూలములు. అందుఁ బురుషుని మోహింపఁజేయునది సర్పము. ఆ కథకు యుద్ధముతోఁ బొత్తు లేదు. దర్శకుఁడు సర్పమును దొలఁగించి, ఓదా నోబునాగాచేత నశించిన వంశపుఁ గన్యను, ప్రేమ యెఱుఁగక మృతినొందినదానిని, నిలిపెను. ఇది చిన్న మార్పు గాదు. సర్పమునకుఁ గ్రౌర్యము స్వభావము; కారణ మడుగ నక్కఱలేదు. వకాసాకుఁ గారణము గలదు, అది యుద్ధము. కావునఁ బ్రేక్షకుఁడు భయపడుచునే జాలిపడును. భయానకమున కాలంబనమైనదే కరుణమునకు నాలంబనమగుట అరుదు.

'ప్రేత', 'భూత' శబ్దములు రెండును క్తాంతములు, గతించినదానిఁ జెప్పునవి. కడపటిఘట్టము ఈ వ్యుత్పత్తికి వ్యాఖ్యానమువలె నున్నది. గెంజూరో యిల్లు చేరును. పొయ్యి చల్లారియున్నది, గది శూన్యము. అతఁడు వెలుపలఁగా ఇల్లు చుట్టివచ్చుచుండఁ గెమెరా లోపలనే తిరిగి యనుసరించును. మరలఁ బొయ్యికడకు వచ్చుసరికి మంట వెలుఁగుచుండును, మియాగి వంట చేయుచుండును. నడుమఁ గోఁత లేదు. ఛాయాగ్రాహకుఁడు మియాగావా కజువో నేర్పంతయు నిందున్నది. ప్రేక్షకుఁడు బల్లెపుఁబోటు చూచియే యున్నాఁడు. ఐనను ఆమె బ్రదికెనేమో యని యాసపడును. వికృతరూపము లేదు, కేక లేదు. తెల్లవారినపిదప గ్రామపెద్ద వచ్చి నిజము చెప్పును. భయము రాత్రివేళఁ గాక పగటివేళఁ గలుగును. అదియు దయ్యమువలనఁ గాదు.

తోబెయి యుపకథ యింత సిద్ధి నొందలేదు. సైనికుఁడు కావలెనను వెఱ్ఱితో భార్యను విడిచినవాఁడు, సైనికులచేఁ జెఱుపఁబడి వేశ్యావాటికఁ జేరిన యామెను మరలఁ గలిసికొనును. ఇరువురును వేగిరమే సమాధానపడుదురు. అట్టి గాయ మంత త్వరగా మానునా? తుదిని జక్రము త్రిప్పు కుమ్మరికి మృతభార్య కంఠము వినఁబడుటయు నధికమే. బాలుఁడు తల్లి సమాధికడ అన్నపుగిన్నె యుంచుట చాలియుండెను.