కామాటిపురా: పేరెవరిది? మచ్చ ఎవరిది?

ఒక పేటకు చెడ్డపేరు ఎట్లా వస్తుంది? అక్కడ నేరాలు జరుగుతాయి గనక అన్నది మామూలుగా వినిపించే జవాబు. ఈ జవాబు చాలదు. నేరం జరగని పేట ఏ నగరంలోనూ వుండదు. బ్యాంకుల సొమ్ము దిగమింగినవాడు కాపురమున్న వీధి పేరు నేరానికి మారుపేరు కాలేదు. కల్తీ మందులు అమ్మి లక్షలు గడించినవాడి కాలనీలో పిల్లలకు సంబంధాలు కుదరకపోవటమూ లేదు. జేబుదొంగ తిరిగిన సందుకు మాత్రం ఆ ముద్ర మూడు తరాల పాటు పోదు. అంటే చెడ్డపేరు నేరాన్ని బట్టి రావటం లేదు, నేరస్థుడి వర్గాన్ని బట్టీ కులాన్ని బట్టీ వస్తోంది. ఈ ముద్ర వేయటంలో సాహిత్యమూ సినిమా ఏ పాత్ర వహించాయి, వహించవలసిన పాత్ర ఏమిటి అన్నది రచయితలు తేల్చుకోవలసిన విషయం. ఇందుకు బొంబాయిలోని కామాటిపురాను ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఆ పేరులోనే మనవాళ్ళున్నారు.

కామాటి అంటే కూలి, మట్టిపనివాడు, తాపీపనివాడు. నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి బొంబాయికి వలసపోయి అక్కడ రోడ్లు వేసి, కట్టడాలు లేపిన శ్రమజీవులు స్థిరపడిన చోటే కామాటిపురా. 18వ శతాబ్ది చివర సముద్రపు పాయకు కట్ట వేసి నీళ్ళను ఆపిన తర్వాత తేలిన పల్లపు నేల అది. హైదరాబాదు పాతబస్తీలో కూడా ఒక కామాటిపురా వుంది. నగరం కట్టినవాడికి నగరంలో దొరికేది పల్లపు నేలే అనటానికి ఈ రెండు పేర్లూ సాక్ష్యం. బొంబాయి తెలుగు కాంట్రాక్టర్లలో కొందరు 1873లో జోతీబా ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి అండగా నిలిచారు. కష్టం చేసుకు బతకటం, బ్రాహ్మణాధిక్యాన్ని ఎదిరించటం అక్కడి తెలుగువారి చరిత్రలో భాగాలు. కానీ కామాటిపురా అనగానే ఈ దేశంలో సగటు చదువరికి ఇవేవీ గుర్తుకు రావు. గుర్తుకు వచ్చేది ఒక్కటే.

ఆ ఒక్కటి దానంతటది పుట్టలేదు. తెల్లదొరల పాలనలో సిపాయిలకూ నావికులకూ ‘సౌకర్యం’ కావాలి, పెద్దమనుషుల వీధులకు మైల అంటకూడదు. ఈ రెండు అవసరాలూ తీరాలంటే వేశ్యావృత్తిని నిషేధించటం కాదు, ఒకచోట కూర్చి కాపలా కాయాలి. 19వ శతాబ్ది చివరి నుంచీ బొంబాయి పోలీసులు చేసిన పని అదే. ఐరోపా నుంచి దళారులు తెచ్చిన స్త్రీలను కూడా ఈ పరిసరాలకే పరిమితం చేశారు. అక్కడి ఒక వీధికి ‘సఫేద్ గల్లీ’ అన్న పేరు అట్లా వచ్చిందే. పాలకులే గీత గీసి, గీత లోపల వున్నవాళ్ళను చూసి ముక్కు మూసుకున్నారు. ‘చెడ్డ పేట’ అన్నది పరిపాలన తయారుచేసిన వస్తువు.

ఇక సాహిత్యానికి వద్దాం.

సాదత్ హసన్ మంటో ‘మమ్మద్ భాయి’ కథ ఈ పరిసరాలదే. ఫారస్ రోడ్డు దగ్గరి సందులో ఒక దాదా వుంటాడు. అతడి గురించి ఊరంతా చెప్పుకునే కథలు భయంకరంగా వుంటాయి. మనిషి మాత్రం జబ్బుపడ్డ కథకుడికి డాక్టర్ని పిలిపించి దగ్గరుండి చూసుకుంటాడు. అతడి దర్జా అంతా పొడుగాటి మీసాల్లో వుంటుంది. హత్యానేరం మీద పడి కోర్టుకు వెళ్ళవలసి వచ్చినప్పుడు స్నేహితులు మీసం తీసెయ్యమని సలహా ఇస్తారు, మేజిస్ట్రేటు ముఖం చూసే శిక్ష వేస్తాడని. తీసేస్తాడు. అయినా నగరం విడిచిపొమ్మని ఉత్తర్వు వస్తుంది. అతడు ఏడ్చేది నగరం పోయినందుకు కాదు, మీసం పోయినందుకు.

దీన్ని చమత్కార కథ అనుకునేవాళ్ళు చాలామంది వున్నారు. నా దృష్టిలో చెడ్డపేరు మీద ఇంత నిశితమైన పరిశీలన అరుదు. మీసం అంటే కీర్తి. దాన్ని చూసే జనం భయపడతారు, దాన్ని చూసే న్యాయస్థానం తీర్పు చెబుతుందని అందరూ నమ్ముతారు. మీసం తీసేసినా ఫలితం మారలేదు, ఎందుకంటే ముద్ర ముఖం మీద లేదు, పోలీసు కాగితంలో వుంది. సాక్ష్యం లేనివాణ్ణి ఊరునుంచి వెళ్ళగొట్టే ఆ ఉత్తర్వును ఈనాటికీ ‘తడీపార్’ అంటున్నారు. అయితే మంటోకు ఒక పరిమితి వుంది. దాదా మంచితనాన్ని చూపినంత ఇష్టంగా, దాదాను పుట్టించిన ఆర్థిక వ్యవస్థను ఆయన చూపడు. వ్యక్తి మీది జాలి దగ్గర ఆగుతాడు.

ఆ గీత దాటినవాడు నామ్‌దేవ్ ఢసాళ్. పుణె దగ్గరి పల్లెలో 1949లో పుట్టిన ఈ దళితుడు ఈ సందుల్లోనే పెరిగాడు, టాక్సీ నడిపాడు. 1972లో వచ్చిన ఆయన తొలి కవితా సంపుటి పేరే ‘గోల్‌పీఠా’, అక్కడి ఒక ప్రాంతం పేరు. అదే ఏడు పుట్టిన దళిత పాంథర్స్ సంస్థాపకుల్లో ఆయన ఒకడు. ఆ సంపుటికి ముందుమాట రాసిన విజయ్ టెండూల్కర్, అందులోని ఎన్నో మాటలకు అర్థం కవినే అడిగి తెలుసుకోవలసి వచ్చింది. మరాఠీ నాటకరంగంలో అంతటి రచయితకు, తన నగరంలో, తన భాషలో మాట్లాడే మాటలు తెలియవు! నగరంలో గోడలు ఎక్కడెక్కడ వున్నాయో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఢసాళ్ పేటను కడిగి చూపలేదు. మురుగూ, రోగమూ, బూతూ అన్నీ వున్నాయి. కానీ ఆయన కవితలో వేలు చూపేది పేటవైపు కాదు, పేటను ఆ స్థితిలో వుంచినవాళ్ళవైపు. చెడ్డపేరు బాధితుడి మీదినుంచి లేచి యజమాని మీదికి పోతుంది. శిల్పం దృష్ట్యా ఆయన సాధించినది ఈ దిశ మార్పే. తర్వాతి కాలంలో శివసేనతో ఆయన చేసిన రాజకీయాలను నేను ఒప్పుకోను. అందువల్ల 1972 నాటి పుస్తకం చేసిన పని చెరిగిపోదు.

మూడోది సినిమా. హుస్సేన్ జైదీ పుస్తకం ఆధారంగా సంజయ్ లీలా భన్సాలీ తీసిన ‘గంగూబాయి కాఠియావాడి’ 2022 ఫిబ్రవరిలో వచ్చింది, తెలుగులో కూడా. విడుదలకు ముందు ఆ ప్రాంతపు శాసనసభ్యుడూ, ఒక నివాసీ బొంబాయి హైకోర్టుకు వెళ్ళారు. మా పేటనంతా వేశ్యావాటికగా చూపి పరువు తీస్తున్నారన్నది అభ్యంతరం. కోర్టు ఆ పిటిషన్లను కొట్టివేసింది. కోర్టు చేసినది సరే. సినిమాలు ఆపించే హక్కు ఎవరికి ఇచ్చినా రేపు అది మన పుస్తకాల మీదికే వస్తుంది. కానీ నివాసుల మాట వినకుండా పక్కకు నెట్టలేం. ఉద్యోగానికి దరఖాస్తులో చిరునామా రాయటానికి జంకే కుర్రవాడి బాధ కళాస్వేచ్ఛ అన్న ఒక్క మాటతో తీరదు.

సినిమా లోపం వేశ్యలను చూపటంలో లేదు. ఆ పేటలో ఇంకేమీ లేనట్లు చూపటంలో వుంది. ఫిలింసిటీలో సెట్టు వేసి, దీపాలతో అలంకరించి కట్టిన ఆ కామాటిపురాలో తాపీపనివాడి వారసుడేడి? సంచులు కుట్టేవాడూ, జరీపని చేసేవాడూ ఏరి? తెలుగు మాట ఎక్కడా వినిపించదేం? చీకటిని అందంగా చూపితే మచ్చ పోదు, చూడముచ్చటగా తయారవుతుంది. నాయిక ప్రధానమంత్రిని కలిసి వినతి చేసుకోవటంతో సమస్య ఒక్క వీరవనిత ధైర్యంగా కుదించుకుపోతుంది.

అయితే ఎదుటిపక్షపు వాదంలోనూ ఒక పుండు వుంది. ‘మేం గౌరవనీయులం, ఆ రెండు మూడు సందుల ఆడవాళ్ళతో మమ్మల్ని కలపకండి’ అన్నప్పుడు, తమ మీద నగరం వేసిన ముద్రనే తమకన్నా కిందివాళ్ళ మీద వేస్తున్నారు. పరువు అనేది వున్న కొద్దిపాటినీ పంచుకోవలసిన సరుకు అయినప్పుడు, బలహీనుడు మరింత బలహీనుణ్ణి తోసి దక్కించుకుంటాడు. కులవ్యవస్థ నడిచే తీరు ఇదే.

ఇక్కడ మనం మనల్ని కూడా విమర్శించుకోవాలి. ‘లుంపెన్’ అన్న మాటను అభ్యుదయ విమర్శ ఎంత తేలిగ్గా వాడింది! మిల్లు కార్మికుడు మనకు నాయకుడు, అదే సందులో వుండే దళారీ, దాదా, వేశ్య కథకు పనికిరానివాళ్ళు. 1982 సమ్మె తర్వాత బొంబాయి మిల్లులు మూతపడి, ఆ నేలమీద మాల్సూ ఆకాశహర్మ్యాలూ లేచినప్పుడు కార్మికుడి కొడుకు ఏమయ్యాడు? మన పట్టిక ప్రకారం నిన్నటి ప్రోలిటేరియట్ ఇంట్లోనే నేటి లుంపెన్ పుట్టాడు. మార్క్సు ఆ మాట వాడినది ఒక వర్గస్థితిని గుర్తించటానికి. దాన్ని తిట్టుగా వాడినప్పుడు మనమూ పోలీసు కాగితం చదువుతున్నట్లే. మన బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం చూడండి. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకలవారిని తెచ్చి పెట్టిన సెటిల్‌మెంట్ అది. ఆ చట్టం రద్దయి 70 ఏళ్ళు దాటింది. 1991లోనూ 2023లోనూ మన సినిమాకు ఆ ఊరు దొంగల ఊరే.

ఈ చర్చ కేవలం పరువు గురించి కాదు, నేల గురించి. కామాటిపురాలో 30 ఎకరాలకు పైబడిన ప్రాంతాన్ని, వందలాది పాత భవనాలను పడగొట్టి మళ్ళీ కట్టే పథకం మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ‘మ్హాడా’ చేతిలో వుంది. అర్హులకు 500 చదరపు అడుగుల ఇల్లు ఇస్తామంటున్నారు. వందేళ్ళ నాటి కూలిపోయే గోడల మధ్య, ఉమ్మడి మరుగుదొడ్లతో బతికేవాళ్ళకు మంచి ఇల్లు రావాలి. అందులో రెండో మాట లేదు. దారిద్ర్యాన్ని ‘పాత సంస్కృతి’ అని పదిలపరచమనటం అభ్యుదయం కాదు. ప్రశ్న వేరు. అర్హుడెవడు? కాగితం వున్నవాడు. అద్దెకు వున్నవాడి దగ్గర మళ్ళీ అద్దెకు వున్నవాడూ, రాత్రి కార్ఖానాలోనే పడుకునే సంచుల కార్మికుడూ, మంచానికి రోజు లెక్కన డబ్బు కట్టే స్త్రీ, వీళ్ళ పేర్లు ఏ దస్త్రంలో వుంటాయి?

చెడ్డపేరుకూ భూమి ధరకూ వున్న సంబంధం ఇక్కడ తేటపడుతుంది. చెడ్డపేరు వున్నంతకాలం నేల చవక, గనక పేదవాడు వుండగలిగాడు. ఇప్పుడు నగరం నడిబొడ్డున వున్న ఆ నేల కావాలి. అదే చెడ్డపేరు ఇప్పుడు కూల్చివేతకు నైతిక సమర్థన అవుతుంది. ‘మచ్చ తుడిచేస్తున్నాం’ అంటారు. మచ్చతో పాటు మనుషుల్ని తుడిచేస్తే అడిగేవాడు వుండడు, వాళ్ళను మనుషులుగా చూపిన కథ ఎవరి మనసులోనూ లేకపోతే. సాహిత్యం బాధ్యత ఇక్కడ మొదలవుతుంది.

పేటను దూషించే రచన వద్దు. పేటకు సున్నం వేసే రచనా వద్దు. ఢసాళ్ చూపినట్లు, ముద్ర వేసిన చెయ్యిని చూపే రచన కావాలి. ఒకనాడు రాళ్ళు మోసి ఆ నగరం కట్టిన తెలుగు కామాటీల నుంచి, మొన్నటి దాకా బొంబాయి బస్సెక్కిన పాలమూరు కూలీల వరకు ఎంత చరిత్ర వుంది! అందులో మన కథకు ఎక్కింది ఎంత? పేరు మనది, కథ మాత్రం ఇంకొకరు చెబుతున్నారు. ఆ పాత గోడలు పడిపోకముందే మన యువ రచయితల్లో ఎవరైనా అక్కడికి వెళ్ళాలి. సినిమా చూసి కాదు, టెండూల్కర్ లాగా మాటలకు అర్థం అడిగి తెలుసుకుని రాయాలి.