గిరీశం ట్యూషను: వ్యక్తిగత బోధన ఫలించే తీరుపై ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

ఒక గురువు, ఒక శిష్యుడు ఎదురెదురుగా కూర్చుంటే చదువు దానంతటదే వస్తుందన్న నమ్మకం మన సమాజంలో బలమైనది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో పదవ తరగతి, ఇంటర్మీడియట్ పిల్లలున్న ఇళ్లు ఈ నమ్మకంతోనే ట్యూషను మాస్టారును వెతుకుతాయి. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే కుటుంబానికి ఆ ఫీజు చిన్న ఖర్చు కాదు. కనుక ఆ నమ్మకాన్ని పరీక్షించడం అవసరం.

2. కన్యాశుల్కం చూపిన ట్యూషను

1897లో అచ్చయి, 1909లో కొత్త రూపం పొందిన గురజాడ 'కన్యాశుల్కం'లో పరీక్ష తప్పిన వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో గిరీశం అగ్నిహోత్రావధానుల ఇంట చేరతాడు. శిష్యుడొక్కడే, గురువు ఇంట్లోనే ఉంటాడు, చనువుకు కొదవ లేదు. అయినా వెంకటేశానికి అబ్బింది చుట్ట కాల్చడమే. ఇంగ్లీషు రాని ఇంటివారి ముందు గురుశిష్యులు అర్థం లేని ఇంగ్లీషు వల్లిస్తే వారు చదువు సాగుతోందనే అనుకుంటారు. గురజాడ వ్యంగ్యం గిరీశం ఒక్కడిపైనే కాదు. చదువును కొలవలేక శబ్దాన్ని కొలిచే ఇంటిపైన కూడా.

3. పరిశోధనల వెలుగులో

బెంజమిన్ బ్లూమ్ 1984లో వ్యక్తిగత బోధన పొందిన సగటు విద్యార్థి, మామూలు తరగతిలోని 98 శాతం మందిని మించాడని ప్రకటించాడు. ఈ అంకెను తరచు ఉదహరిస్తారు గాని, ఆ ప్రయోగాలు చిన్న తరగతుల పిల్లలపై కొద్ది వారాలే జరిగాయనీ, వాటిలో పరీక్ష పెట్టి తప్పు దిద్దే పద్ధతి కూడా కలిసి ఉందనీ మరుస్తారు. 2011లో కర్ట్ వాన్‌లెన్ సమీక్షలో ఈ ప్రభావం 2 ప్రామాణిక విచలనాల నుండి 0.79కి తగ్గింది. లెక్కలో ప్రతి మెట్టు దగ్గరా స్పందించే కంప్యూటర్ బోధన కూడా 0.76తో దాదాపు దానికి సాటి వచ్చింది. అంటే ఫలితం ఏకాంతం వల్ల కాక, తప్పు మొదలైన మెట్టును పట్టుకోవడం వల్ల వస్తోందని భావించవచ్చు.

పై తరగతుల్లో ఈ అంశం మరీ కీలకం. ఇంటర్ భౌతికశాస్త్రంలో లెక్క తప్పిన విద్యార్థికి అసలు లోపం తొమ్మిదో తరగతి బీజగణితంలో ఉండవచ్చు. మాస్టారు మళ్లీ పాఠం చెబితే ఆ లోపం బయటపడదు; విద్యార్థి చేత చెప్పిస్తేనే బయటపడుతుంది.

4. ముగింపు

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుండి 1–8 తరగతులకు ఇంగ్లీషు మాధ్యమం మొదలైంది. తెలుగులోనే చదివిన తల్లిదండ్రులు నేడు అగ్నిహోత్రావధానుల స్థానంలోనే ఉన్నారు. అయితే ఇంగ్లీషు రాకున్నా వారడగగల ప్రశ్న ఒకటుంది: "ఈ వారం నీ తప్పుల్లో ఏది పోయింది? ఎలా పోయిందో నాకు తెలుగులో చెప్పు." ఆ ఇంట్లో ఈ ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే గిరీశం ట్యూషను మొదటి వారంలోనే ముగిసేది.