కెమెరా ఎత్తు, సాక్షి స్థానం: పస్తాపూర్ మహిళల పత్తి చిత్రాలు

ప్రవేశిక

సామాజిక మార్పునకు డాక్యుమెంటరీ ఒక సాధనమన్న మాట జాన్ గ్రియర్సన్ కాలం నుండి వినవస్తున్నదే. 1935లో బ్రిటన్‌లో వచ్చిన ‘హౌసింగ్ ప్రాబ్లమ్స్’ చిత్రంలో మురికివాడల నివాసులు తమ ఇళ్ల దుస్థితిని తామే కెమెరాకు చెప్పుకున్నారు. అయితే ఆ చిత్రానికి డబ్బు సమకూర్చింది గ్యాస్ పరిశ్రమ. కొత్త ఇళ్ల నిర్మాణంలో దానికి వాణిజ్య ప్రయోజనం ఉంది. మన దేశంలో 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ చిత్రాలు సినిమాహాళ్లలో అసలు సినిమాకు ముందు ప్రదర్శితమయ్యేవి. వాటిలో చాలావాటిలో గ్రామీణుడు తెరపై కనిపించేవాడు. అతని గురించి మాట్లాడేది మాత్రం కనిపించని వ్యాఖ్యాత. కనుక ఒక డాక్యుమెంటరీ సామాజిక విలువను నిర్ణయించేటప్పుడు ఎవరి కష్టాన్ని చూపిందన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఆ కష్టాన్ని ఎవరు, ఏ స్థానం నుండి అడిగి తెలుసుకున్నారన్నది కూడా పరిశీలించాలి. ఈ కోణంలో చూడదగినవి జహీరాబాద్ సమీపంలోని పస్తాపూర్ కేంద్రంగా దళిత మహిళలు నిర్మించిన చిత్రాలు.

సంఘం షాట్

ఉమ్మడి మెదక్ జిల్లాలో చిరుధాన్యాల సాగు, విత్తన సంరక్షణ రంగాలలో పనిచేస్తున్న డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల సభ్యులు 1990ల చివర్లో వీడియో చిత్రీకరణ నేర్చుకున్నారు. వీరిలో ఎక్కువమంది బడి ముఖం చూడని వ్యవసాయ కుటుంబాల స్త్రీలు. వీరి బృందమే తరువాత కమ్యూనిటీ మీడియా ట్రస్ట్‌గా రూపొందింది.

కెమెరా కోణాలకు వీరు పెట్టుకున్న పేర్లు గమనార్హం. ఎదుటి మనిషి కంటికి సమానమైన ఎత్తులో తీసే దృశ్యం వీరికి ‘సంఘం షాట్’. సంఘం సమావేశంలో అందరూ నేలమీద ఒకే వరుసలో కూర్చుంటారు కనుక ఆ పేరు. ఎత్తు పల్లాల తేడా ఉన్న కోణానికి ‘పటేల్ షాట్’ వంటి పేరు వచ్చింది. పాఠ్యగ్రంథాలు సాంకేతిక పదాలతో వివరించే విషయాన్ని వీరు ఊరి అధికార సంబంధాల నుండి గ్రహించారు. దొర ముందు నిలబడిన అనుభవమే ఇక్కడ చలనచిత్ర వ్యాకరణం అయింది.

వరంగల్ పత్తి చేలలో

బీటీ పత్తికి 2002 మార్చిలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లభించింది. కాయతొలుచు పురుగును తట్టుకుంటుందన్న హామీతో అది మార్కెట్లోకి వచ్చింది. 1997–98లో పత్తి రైతుల ఆత్మహత్యలతో దేశం దృష్టిలో పడిన వరంగల్ జిల్లాలో ఆ హామీకి ఉన్న బరువు ఊహించదగినదే. 2003లో ఈ మహిళలు ‘వై ఆర్ వరంగల్ ఫార్మర్స్ యాంగ్రీ విత్ బీటీ కాటన్?’ చిత్రాన్ని రూపొందించారు. పెట్టుబడి ఎంత, దిగుబడి ఎంత, చివరికి చేతికి మిగిలిందేమిటి అన్నవి సేద్యం చేసే మనిషి మరో సేద్యగానికి వేసే సహజమైన ప్రశ్నలు. అడిగేవారికీ చెప్పేవారికీ మధ్య అనువాదకుడు అవసరం లేకపోవడమే ఈ చిత్రాల అసలు బలం.

అయితే ఈ చిత్రంపై ఒక గట్టి అభ్యంతరం ఉంది. శీర్షికలోనే తీర్పు దాగి ఉంది: రైతులు కోపంగా ఉన్నారా అని అది అడగదు, ఎందుకు కోపంగా ఉన్నారని మాత్రమే అడుగుతుంది. నిర్మాతల వెనుక ఉన్న సంస్థ జన్యుమార్పిడి పంటలను వ్యతిరేకించే సంస్థ. పైగా 2002 తీవ్ర వర్షాభావ సంవత్సరం. నష్టం విత్తనానిదా, వానదా అన్న సందేహానికి ఒక్క పంటకాలపు సాక్ష్యం పూర్తి సమాధానం చెప్పలేదు. ఈ లోపాన్ని కొంతవరకు పూరించింది 2005 నాటి ‘బీటీ కాటన్ ఇన్ ఆంధ్రప్రదేశ్: ఎ త్రీ ఇయర్ ఫ్రాడ్’. మూడేళ్ల అనుభవాన్ని ఒకచోట చేర్చడం వల్ల, ఒక ఏటి నష్టాన్ని వాతావరణానికి ఆపాదించి పక్కన పెట్టే వీలు తగ్గింది. ఒకే ప్రశ్నతో మళ్లీ చేలలోకి వెళ్లడం ఈ బృందం సాధించిన పద్ధతి పరమైన పరిణతి. శీర్షికలోని ఆరోపణ స్వరం మాత్రం తగ్గకపోగా పెరిగింది.

మార్పు అంటే ఏమిటి?

2005లోనే జెనెటిక్ ఇంజనీరింగ్ అప్రూవల్ కమిటీ తొలి మూడు బీటీ పత్తి రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతిని పునరుద్ధరించలేదు. దీనిని చిత్రాల విజయంగా చెప్పుకోవడం సులభం, కాని సరికాదు. రైతుల ఆందోళనలు, క్షేత్రస్థాయి నివేదికలు, పరిహారంపై ప్రభుత్వానికీ విత్తన కంపెనీకీ మధ్య వివాదం అన్నీ ఆ నేపథ్యంలో ఉన్నాయి. మరోవైపు, ఇతర బీటీ రకాలు వేగంగా వ్యాపించి, దశాబ్దం తిరిగేసరికి దేశంలోని పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా ఆక్రమించాయి. ఫలితమే గీటురాయి అయితే ఈ చిత్రాలు ఓడినట్లే.

కెనడాలో 1967లో ఫోగో ద్వీపవాసులతో తీసిన చిత్రాలు వేరొక కొలమానాన్ని సూచిస్తాయి. అక్కడ చిత్రాలను ముందు ద్వీపవాసులకే చూపారు. వారు తమలో తాము, ఆపై ప్రభుత్వంతో మాట్లాడుకోవడానికి అవి మాధ్యమమయ్యాయి. కాని అక్కడ కెమెరా పట్టినవారు బయటినుండి వచ్చినవారు. పస్తాపూర్‌లో ఆ దూరం కూడా తగ్గింది. విత్తనం గురించి మాట్లాడే అర్హత శాస్త్రవేత్తకూ కంపెనీ ప్రతినిధికీ మాత్రమే ఉందన్న భావనను ఈ చిత్రాలు ప్రశ్నించాయి. చదువు లేని దళిత స్త్రీ ప్రశ్నించే స్థానంలో నిలిచింది, ఆమె సేకరించినది సాక్ష్యంగా నమోదయింది.

ముగింపు

సంస్థ మద్దతు లేకుండా ఈ కెమెరా ఎంతకాలం నడుస్తుంది, సంస్థ అభిప్రాయంతో విభేదించే రైతు మాటకు ఆ చిత్రంలో చోటు ఎంత అన్న ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. సంఘం షాట్ అన్న సూత్రాన్ని ఆ బృందం పనికే వర్తింపజేస్తే, బీటీ పత్తిని మెచ్చుకున్న రైతును కూడా అదే ఎత్తులో చూపవలసి ఉంటుంది. ఈ కొలమానం వారే ఇచ్చినది. తెలంగాణ వ్యవసాయ చరిత్రను పరిశోధించేవారు ఈ చిత్రాలను ప్రచార సామగ్రిగా పక్కన పెట్టకుండా, ప్రాథమిక ఆధారాలుగా స్వీకరించి, అంతే కఠినంగా పరీక్షించడం అవసరం.