కథ కట్టినవాళ్ల బొబ్బిలి

1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. తెల్లవారుతూనే మొదలైన ఫిరంగుల మోత మధ్యాహ్నం దాకా ఆగలేదు. బయట ఫ్రెంచి సేనాని బుస్సీ, ఆయనను వెంటబెట్టుకొచ్చిన విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు. లోపల రాజా రంగారావు, ఆయన వెలమ వీరులు. గెలుపు విజయనగరానిదే. కథ మాత్రం బొబ్బిలి మీద పుట్టింది.

కథ కట్టేవాడి మొదటి నిర్ణయం అదే: ఎవరి పక్షాన నిలబడి చెప్పాలి? గెలిచిన ప్రభువు బిరుదులు చదివితే ఈనాం దొరికేది. జంగం కథకులు కూలిన కోట పక్కన నిలబడ్డారు. పెద్దాడ మల్లేశం పేరున నిలిచిన ‘బొబ్బిలి యుద్ధ కథ’ను మల్లంపల్లి సోమశేఖరశర్మ పరిష్కరించగా 1956లో మద్రాసులో అచ్చయింది. దిట్టకవి నారాయణకవి ఇదే యుద్ధాన్ని ‘రంగరాయ చరిత్రము’ అనే కావ్యంగా రాశాడు. కావ్యం పండితుల దగ్గర ఉండిపోయింది, కథ ఊళ్లు తిరిగింది.

ఇంగ్లీషులోనూ ఈ యుద్ధం ఉంది. ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ కొద్ది పేజీల్లో ముగించాడు. చాలాకాలం అదే చరిత్ర, జంగాలు చెప్పింది పుక్కిటి పురాణం అన్నట్టు నడిచింది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి 2001లో తెచ్చిన ‘టెక్స్చర్స్ ఆఫ్ టైమ్’ ఆ అభిప్రాయాన్ని గట్టిగా ప్రశ్నించింది. దక్షిణాది వాళ్లకు తమదైన చరిత్ర రచన ఉందని చెప్పడానికి వారు ముందుగా ఎత్తుకున్నది బొబ్బిలినే. ఉత్తరాంధ్రలో పుట్టిన ప్రతివారూ గర్వించాల్సిన విషయమిది.

బుర్రకథలో ఈ ఘట్టం నడిచే తీరు చూడాలి. నడుమ కథకుడు, భుజాన తంబురా, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. అటూ ఇటూ వంతలు, చేతుల్లో గుమ్మెటలు. ఒకడు హాస్యం, ఇంకొకడు లోకం సంగతులు. రాయబారం నడిచినంతసేపూ వచనమే ఎక్కువ. హాస్యగాడు మధ్యలో అడ్డుపడి జనాన్ని నవ్విస్తాడు. ముట్టడి మొదలయ్యాక దరువు పెరుగుతుంది, అడుగు ముందుకూ వెనక్కూ జోరందుకుంటుంది. ఆ జోరును ఎక్కడ తెంపాలో తెలిసినవాడే కథకుడు. రంగారావు రాణి మల్లమ్మదేవి ఉన్న అంతఃపురం దగ్గరికి వచ్చేసరికి గుమ్మెట ఆగాలి. అక్కడ హాస్యగాడికి పని లేదు.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ చేతిలో బుర్రకథ కొత్త బలం పుంజుకుంది. ప్రజానాట్యమండలి వేదికల మీద బెంగాలు కరువు కథ చెప్పిన గొంతే పల్నాటి యుద్ధమూ బొబ్బిలి యుద్ధమూ చెప్పింది. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ కథను వేదం వెంకటరాయశాస్త్రి నాటకం చేశారు. 1964లో సినిమా వచ్చింది: రంగారావుగా ఎన్టీఆర్, మల్లమ్మగా భానుమతి, తాండ్ర పాపారాయుడిగా ఎస్వీ రంగారావు. రాజాం నుంచి ఆలస్యంగా వచ్చి, రాత్రివేళ డేరాలో దూరి విజయరామరాజును పొడిచిన పాపారాయుడికి ఆ తర్వాత తెలుగువాళ్ల మనసులో ఎస్వీఆర్ ముఖమే స్థిరపడింది. సంగీతం సాలూరు రాజేశ్వరరావు. బొబ్బిలి పక్కనున్న సాలూరు ప్రాంతం మనిషి బొబ్బిలి కథకు బాణీలు కట్టడం ఎంతో తగిన సంగతి.

ఇంత గొప్ప కథలోనూ ఒక చోట గొంతు పట్టుకుంటుంది. కోట నిలవదని తేలాక ఆడవాళ్లనూ పిల్లలనూ సొంతవాళ్లే చంపేశారు. దాన్ని పౌరుషంగా పాడేయడం తేలిక. తాళం వేగం పెంచితే చప్పట్లు కూడా పడతాయి. ఆ పసివాళ్లను చస్తారా అని ఎవరూ అడగలేదన్న సంగతి ఆ వేగంలో కొట్టుకుపోతుంది. దాన్ని వీరరసంలో ముంచేసే కథనం, ఎంత గొప్ప గొంతుదైనా, సగం కథే.

ఓర్మ్ రాతలో ఒక ముసలాయన ఉన్నాడు. యుద్ధం ముగిశాక రంగారావు కొడుకును చేయిపట్టి నడిపించుకొచ్చి, లా అనే ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. తండ్రి మాటకు ఎదురు నిలిచి బిడ్డను బతికించానని చెప్పుకున్నాడు. రంగారావుకు బదులుగా ఇస్తామన్న భూములకు బుస్సీ ఆ పిల్లవాణ్నే ప్రభువుగా ఒప్పుకున్నాడు. బొబ్బిలి వంశం నిలిచిందంటే ఆ తండ్రి ఆజ్ఞ చెల్లకపోవడం వల్లనే. పాపారాయుడికి వచ్చిన పేరులో పదోవంతు కూడా ఆ ముసలాయనకు రాలేదు. యుద్ధం జరిగినచోట బొబ్బిలి మహారాజు 1891లో స్మారక స్తంభం నిలిపారు. ఈసారి బొబ్బిలి కథ కొత్తగా కట్టబోయే కుర్ర కథకులెవరైనా ఉంటే వాళ్లకు ఒక విన్నపం: డేరాలోని కత్తిపోటుకు ఇచ్చినంత దరువు, పిల్లవాడి చేయి పట్టుకుని శవాల మధ్య నడిచొచ్చిన ఆ ముసలాయన అడుగులకూ ఇవ్వండి.