ఓడ ఏమయింది?

సినిమా కథని నవలగా రాయడమంటే నాకు చిన్నచూపు. నిన్నటి కూర వేడిచేసి వడ్డించడమే గదా అనుకునేవాణ్ణి. నా పొగరు దించినవాడు ఐజాక్ అసిమోవ్.

1966లో వచ్చిన 'ఫెంటాస్టిక్ వాయేజ్' చిత్రంలో, మెదడులో రక్తం గడ్డకట్టిన ఒక శాస్త్రజ్ఞుణ్ణి బతికించడానికి జలాంతర్గామినీ, అందులోని అయిదుగురినీ సూక్ష్మజీవులంత చేసి ఆయన రక్తంలోకి ఎక్కిస్తారు. గడువు 60 నిమిషాలు. అది దాటితే ఎవరి ఆకారం వారికి వచ్చేస్తుంది! చివర్లో తెల్లకణం ఓడని మింగేస్తుంది. బతికినవాళ్లు కన్నీటిబొట్టులో బయటపడతారు. నేను చప్పట్లు కొట్టాను.

మావాడు మాత్రం, "మరి లోపలున్న ఓడ పెద్దదవదా నాన్నా? ఆయన పేలిపోడూ?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. అసిమోవ్ దగ్గర ఉంది. ఆ చిత్రం స్క్రిప్టు చూసి ఆయన రాసిన నవలలో, ఓడని మింగిన తెల్లకణాన్నే వెంట రప్పించుకుని కంటిదాకా తెస్తారు. తునకలతో సహా ఓడ బయటికొస్తుంది. రోగి బతుకుతాడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. తెరమీద ఆ రక్తనాళాల రంగులు అసిమోవ్ వాక్యాల్లో కనిపించవు. కళాదర్శకత్వానికీ, ట్రిక్కులకీ 2 ఆస్కార్లు ఊరికే రాలేదు. కాని రోగిని బతికించడానికే బయల్దేరిన కథ, చివరికి రోగినే మరిచిపోతే ఎలాగండీ?

పుస్తకం మావాడికిచ్చాను. చదివి, "మనిషిని చిన్నవాణ్ణి చేస్తే బరువెక్కడికి పోతుంది?" అన్నాడు. అసిమోవ్‌కీ తృప్తి కలగలేదు కాబోలు, 1987లో అదే ఊహతో, తన పద్ధతిలో మరో నవల రాశాడు. అదీ తెచ్చిపెట్టాలిగా!