మసి: చేతి నుంచి చేతికి అందే నారబట్ట

ఫిజీ దీవుల్లో చెట్టు నారతో చేసే బట్టను 'మసి' అంటారు. ఆ మాట వింటే మనకు వంటగిన్నె అడుగున పట్టే మసి గుర్తొస్తుంది. రెండు మాటలకూ చుట్టరికం లేదు. కానీ ఆ బట్ట మీద నల్లటి బొమ్మలు తీర్చేది నిజంగా మసితోనే. వనవాసానికి వెళ్లే రాముడు నారచీర కట్టాడని మనం కథల్లో విన్నాం. ఫిజీలో నారబట్ట ఇప్పటికీ పెళ్లికూతురి ఒంటిమీద ఉంటుంది.

మసి మొక్క మల్బరీ జాతికి చుట్టం. పసిఫిక్ దీవులకు అది తనంతట తాను రాలేదు. తైవాన్ ప్రాంతం నుంచి పడవల్లో మనుషులే మోసుకొచ్చారని జన్యు పరిశోధనలు తేల్చాయి. దీవుల్లో ఉన్నవి దాదాపు అన్నీ ఆడమొక్కలే కాబట్టి కాయవు, విత్తనం రాల్చవు. వేరు పిలకను తవ్వి మరోచోట నాటితేనే తరం సాగుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు, కళాకారులను నిలబెట్టడమంటే ఏమిటో అర్థమవుతుంది.

పని తోటలోనే మొదలవుతుంది. మొక్క పెరిగేటప్పుడు పక్కకొమ్మలను చిగురులోనే గిల్లేస్తారు. వదిలేస్తే కొమ్మ పుట్టిన చోట నారకు చిల్లు పడుతుంది. ఏడాది, ఏడాదిన్నరకు కాండం అంగుళం మందానికి వస్తుంది. అప్పుడు నరికి, బెరడు నిలువునా ఒలిచి, పై ముతక పొరను గీకేస్తే లోపలి తెల్లనార మిగులుతుంది. దాన్ని నీళ్లలో నానబెట్టి, దుంగ మీద పరిచి, 'ఇకె' అనే కొయ్య సుత్తితో బాదుతారు. గాళ్లున్న వైపుతో కొట్టి సాగదీస్తారు, నున్నటి వైపుతో చదును చేస్తారు. దెబ్బదెబ్బకూ పట్టీ వెడల్పవుతుంది. ఒకదానిమీద ఒకటి పేర్చి కొడితే నారలో నార కలిసిపోతుంది. మగ్గం ఉండదు, నేత ఉండదు. పెద్ద బట్ట కావాలంటే అంచులకు దుంపగంజి రాసి అతికిస్తారు.

తర్వాత రంగులు. నూనెగింజలనో చెట్టు బంకనో కాల్చి, పైకి చేరిన మసిని పోగుచేస్తే నలుపు. మడచెట్ల బెరడు నుంచో ఎర్రమట్టి నుంచో ఇటుకరంగు, గోధుమరంగు వస్తాయి. వతులేలే దీవి స్త్రీలకు స్టెన్సిల్ పనిలో గొప్ప పేరు. పూర్వం అరిటాకు మీద నమూనా కత్తిరించేవారు. ఇప్పుడు పాత ఎక్స్‌రే ఫిల్ము వాడుతున్నారు. పనిముట్టు మారినా చేతి నిదానం మారలేదు. కత్తిరించిన ఖాళీలోంచి రంగు అద్దుతూ, త్రికోణాలనూ గీతలనూ ఒక్కొక్కటే పక్కపక్కన పేరుస్తూ పోవాలి. ఒక్క నమూనా పక్కకు జరిగితే అంచు మొత్తం వంకరపోతుంది.

ఇంత కష్టపడి చేసిన దాన్ని ఫిజీవాళ్లు మామూలు బట్టగా చూడరు. పెళ్లిలో, చావులో, పెద్దమనిషికి నాయకత్వం అప్పగించేటప్పుడు మసి ఉండాలి. పూర్వకాలపు గుడుల్లో పైకప్పు నుంచి పొడవాటి తెల్లని మసి వేలాడేది. దేవుడు దాని వెంబడే పూజారి మీదికి దిగివస్తాడని నమ్మేవారు. గుడులు పోయినా ఆ గౌరవం పోలేదు.

మరి నేటి కళాకారులకు ఏ దన్ను ఉంది? ఫిజీ రాజధాని సువాలోని దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయంలో 1997లో ఎపెలి హౌఓఫా ఓషియానియా కళా సంస్కృతి కేంద్రాన్ని నెలకొల్పారు. తోంగా మూలాలున్న ఆ రచయిత పసిఫిక్ దేశాలను నడిసంద్రంలో విసిరేసిన చుక్కలుగా చూడొద్దని, సముద్రం దీవులను విడదీయదు, కలుపుతుందని 1993లోనే వాదించారు. కేంద్రంలోనూ అదే తీరు. పాఠాలూ పరీక్షలూ పెట్టకుండా, యువ చిత్రకారులకు, శిల్పులకు చోటు, సామగ్రి, తోటివారి సావాసం ఇచ్చారు. బయటివాళ్లను అనుకరించకండి, మీ సముద్రంలోంచే మీ రూపాలు వెతుక్కోండి అన్నదే అక్కడి దీక్ష. 'రెడ్ వేవ్' పేరుతో ప్రసిద్ధమైన చిత్రకారుల బృందం అక్కడే పుట్టింది. కళాకారుడికి మెచ్చుకోలు కన్నా ముందు నీడ కావాలని ఆయనకు తెలుసు.

నీడతోపాటు హక్కూ కావాలి. ఫిజీ విమానసంస్థ 'ఫిజీ ఎయిర్‌వేస్'గా పేరు మార్చుకున్నప్పుడు మసి కళాకారిణి మాకెరెటా మాతెమోసి గీసిన ముద్ర విమానాల తోకలకు ఎక్కింది. దీవుల కళకు అది అరుదైన గౌరవం. అయితే 2013లో ఆ సంస్థ 15 మసి నమూనాలకు ట్రేడ్‌మార్కు కోరినప్పుడు అభ్యంతరాలు వచ్చాయి. అమ్మమ్మల నుంచి వచ్చిన గీతకు యజమాని ఎవరు? ఈ ప్రశ్న న్యాయమైనదే. నమూనాను ఆకాశానికెత్తితే చాలదు. దాన్ని కాపాడిన ఊరికి మాట చెప్పే చోటు, రాబడిలో వాటా ఉండాలి.

ఈ కథలో మనవాళ్ల అడుగులూ ఉన్నాయి. 1879 నుంచి 1916 దాకా 60 వేల మందికి పైగా భారతీయులు గిర్మిట్ కూలీలుగా, అంటే ఒప్పందం మీద పనిచేసేవారుగా, ఫిజీ చెరకు తోటలకు వెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ వలస గుర్తు మసి కళలోకీ వచ్చింది. 2009లో లెబా తోకి, బలె జియోనె అనే ఫిజీ కళాకారిణులు న్యూజిలాండ్ చిత్రకారిణి రాబిన్ వైట్‌తో కలిసి 'తెయితెయి వౌ' చేశారు. కొత్త తోట అని ఆ పేరుకు అర్థం. అందులో మసితోపాటు మొగలి జాతి ఆకులతో అల్లిన చాపలు, వాటిలో చీరగుడ్డ కూడా ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో జరిగే ఆసియా పసిఫిక్ ట్రయనియల్ కళా ప్రదర్శనలో ఆ కృతిని ప్రదర్శించారు. నారబట్ట సరసన చీరగుడ్డ చేరడమంటే, ఒకే నేల మీద బతుకుతున్న రెండు జాతుల మధ్య మాట కలిసినట్టే. సంప్రదాయం కొత్తవాళ్లకు చోటిచ్చినా చిన్నబోదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

కనుక కళాకారులకు అండగా నిలవాలంటే తోట దగ్గర మొదలుపెట్టాలి. మొక్కకు నేల, బాదే చేతికి పనికి తగ్గ కూలి, గీసే చేతికి తన పేరు రాసుకునే హక్కు దక్కాలి. ప్రభుత్వ భవనాల గోడల మీద స్థానిక కళకు చోటుండాలి. కొనేవాళ్లు ఇది ఏ దీవిది, ఎవరు చేశారు అని అడగాలి. అన్నిటికంటే ముందు, అమ్మ పక్కన కూర్చుని సుత్తి పట్టే అమ్మాయికి ఈ పనితో బతకగలనన్న నమ్మకం కలగాలి. విత్తనమే లేని మొక్కను ఆ దీవుల మనుషులు సముద్రాలు దాటించి వేల ఏళ్లు బతికించుకున్నారు. తవ్వి అందించే చేయి ఒకటి, నాటుకునే చేయి ఒకటి ఎప్పుడూ ఉన్నాయి గనుకే అది బతికింది.